పెదనాన్న చెక్కిన పిడి

మొన్న కాకినాడలో మనవరాలికి షటిల్ బ్యాటు కొందామని ఆటసామాన్ల కొట్టుకి వెళ్ళాను. అక్కడ ఒక కాలేజీ అమ్మాయి ఎయిర్ పిస్టల్‌కి పిడి ఎంచుకుంటోంది. "మీడియం సరిపోద్దండి, అందరూ అదే పట్టుకెళ్తారు" అంటున్నాడు కొట్టాయన. ఊరుకోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. "కళ్ళు మూసుకుని పట్టుకో అమ్మా. వేళ్ళు సర్దుకోవాల్సొస్తే అది నీ పిడి కాదు. ట్రిగ్గరు మీదకి వేలికొసలోని మెత్తటి భాగం రావాలి, వేలి పక్క చెక్కకి ఒరుసుకోకూడదు" అన్నాను. ఆ పిల్ల నా నెరిసిన జుట్టునీ చేతిలోని కూరల సంచినీ చూసి, "మీకెలా తెలుసండీ?" అంది. "మా పెదనాన్న చెక్కిన పిడి పట్టుకున్నాక తెలిసిందమ్మా" అన్నాను.

మా పెదనాన్న నరసాపురంలో పడవలు కట్టేవాడు. తెడ్డు కావాలని ఎవరొచ్చినా ముందు ఆ మనిషి అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ నొక్కి చూసేవాడు. జాతకం కూడా చెప్పి పంపమని పెద్దమ్మ ఎగతాళి చేసేది. కాలేజీలో నేను షూటింగ్ మొదలుపెట్టినప్పుడు క్లబ్బు పిస్టల్ పిడి నాకు మరీ పెద్దది, చిటికెనవేలు గాల్లో ఉండిపోయేది. జిల్లా జట్టు ఎంపిక దగ్గరపడుతోందని పెదనాన్న నా చెయ్యి కూడా అలాగే నొక్కి చూసి, టేకు ముక్కతో పిడి చెక్కాడు. అరచెయ్యి బొబ్బలెక్కకూడదని, తెడ్డుకి చేసినట్టే ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. చల్లటి పొద్దుటిపూట సాధనలో అది నా చేతిలో హాయిగా కూర్చుంది.

ఎంపిక మాత్రం నడి ఎండాకాలం మధ్యాహ్నం పెట్టారు. చేతులు చెమటతో తడిసిపోయి, పిస్టల్ ఎత్తినప్పుడల్లా పిడి జారి పక్కకి తిరిగింది. గుళ్ళన్నీ ఎడమకే పోయాయి, జట్టులో నాకు చోటు పోయింది. ఇంటికొచ్చి పిడి ఊడదీసి పెదనాన్న ముందు విసిరేశాను. "ఇదేమన్నా తెడ్డనుకున్నావా?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నాదే తప్పమ్మా. ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి, ఇంకోసారి చూస్తాను" అని తన చెయ్యి చాపాడు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. మళ్ళీ పిస్టల్ ముట్టుకోలేదు, పెదనాన్నతో ఆ మాటే ఎత్తలేదు. రెండేళ్ళకి ఆయన పోయాడు.

పెద్దకర్మ నాడు పెద్దమ్మ నా చేతిలో ఒక గుడ్డమూట పెట్టింది. లోపల కొత్త పిడి ఉంది, చెయ్యి జారకుండా పక్కలంతా సన్నటి గాట్లతో గరుగ్గా. "నువ్వలిగిన వారంలోనే చేశాడే. నీయంతట నువ్వు అడిగితే ఇద్దామని దాచుకున్నాడు" అంది. చెయ్యి చూడకుండా కొలత ఎలా తెలిసిందని అడిగాను. పాత పిడి మీద నా చెమట మరకల్ని బట్టి, ఏ వేలు ఎక్కడ పడిందో గుర్తులు పెట్టుకున్నాడట. కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. ఒక్క వేలు కూడా సర్దుకోవాల్సిన పని లేకపోయింది. పెద్దమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

కొట్లో ఆ పిల్లకి చివరికి చిన్న సైజు కుదిరింది. ఇంటికొచ్చి బీరువాలోంచి నా పిడి తీసి చూశాను. కణుపులు వాచిన వేళ్ళు ఇప్పుడు అందులో ఇమడటం లేదు. ఆ రోజు పెదనాన్న అడిగిన చెయ్యి, ఇవాళ ఇద్దామన్నా నా దగ్గర లేదు.