ఎవరి మీదా పెట్టని పిటిషన్

మా అమ్మాయి ఇక లేదన్న సంగతి మీలో చాలామందికి ఇంకా తెలియదు. పోయిన నెల మంచు రోడ్డు మీద దాని కారు అదుపు తప్పింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

కరోనా రోజుల్లో, ఇక్కడ కెనడాలో, సస్కాచెవన్‌లోని మా ఊళ్లో ఆదివారం బస్సులు తీసేస్తామన్నారు. నేను ముసలివాళ్ల హోమ్‌లో వంటపనికి ఆ బస్సులోనే వెళ్లేదాన్ని. బస్సు ఉండాలో వద్దో ఊరి ఎన్నికల్లో జనాన్నే అడగాలని మా అమ్మాయి, దాని స్నేహితులు పట్టుబట్టారు. అలా అడిగించాలంటే వేలల్లో సంతకాలు కావాలట.

అదే ఊళ్లో వేరే ఇంట్లో ఉండేది. “పిటిషన్ పెడుతున్నామమ్మా” అంది ఫోన్లో.

“ఎవరి మీదే?” అన్నాను. మా గుంటూరు వైపు పిటిషన్ అంటే ఒకరి మీద పెట్టేదే.

“ఎవరి మీదా కాదే అమ్మా. నీ బస్సు కోసం.”

“నా బస్సు సంగతి నేను చూసుకుంటాలే. మొన్ననేగా మనకి సిటిజన్‌షిప్ వచ్చింది. నోరు మూసుకుని ఉద్యోగం చేసుకో.”

“మూసుకునే తిరుగుతున్నాగా, మాస్కుతో” అని నవ్వింది.

జుట్టుముడిలో పెన్ను గుచ్చుకుని ఇంటింటికీ తిరిగేది. తలుపు కొట్టి, వెనక్కి నడిచి మెట్ల కింద నిలబడేది. “సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదు, ఎందుకు పెట్టరో చెబితే చాలు” అనేది.

సంతకం కాగితం మీద, సిరాతో, ఇంకొకరు చూస్తుండగా పెట్టాలని రూలు. జనం తలుపే తీయని రోజుల్లో అదెలా కుదురుతుంది? ఆన్‌లైన్‌లో పెట్టనివ్వమంటే కాదన్నారు. వీళ్లు కోర్టుకెళ్లారు. జనంతో మాట్లాడి అడగడం మా హక్కు, ఈ రూలు ఇప్పుడు మా నోరు కట్టేస్తోంది అన్నారు. మాట్లాడొద్దని ఎవరూ అనలేదు కదా, రూలు అందరికీ ఒకటే అంది కోర్టు. సంతకాలు చాలలేదు. బస్సూ పోయింది.

ఓడిన రోజు అది ఫోన్ చేస్తే “చెప్పానా” అన్నాను. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు.

అంత్యక్రియలకు ఒక పెద్దావిడ వచ్చింది, తెల్లావిడ. నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. నా కొద్దిపాటి ఇంగ్లీషుకు అర్థమైంది ఇది: “నేను సంతకం పెట్టలేదు. ఆ బస్సు దండగన్నాను. అయినా చలిలో నిలబడి నేను చెప్పిందంతా వింది. ఆ చలికాలం నా పక్కన కూర్చున్నట్టు మాట్లాడింది మీ అమ్మాయొక్కతే.”

పరాయి మనిషి దానితో అంతసేపు మాట్లాడింది. కన్నతల్లినై ఉండి నేను దాన్ని మాట్లాడనివ్వలేదు.

అప్పట్లో ఒకరోజు మా అమ్మాయి నా సంతకం కోసం కూడా వచ్చింది. హోమ్‌లో ముసలివాళ్లకు అంటుతుందని నేను ఎవరినీ ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు. కిటికీ అవతల నిలబడి కాగితం చూపించింది. వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాను. జబ్బు భయం అనుకుని ఉంటుంది. కాదు, అది సంతకం భయం. మాస్కు కిందికి లాగి ఏదో చెబుతోంది. రెండు పొరల అద్దం, మాట వినపడటం లేదు. ఊపిరికి అద్దం మసకబారి ముఖం కూడా కనిపించకుండా పోయింది. నేను చీర చెంగుతో గబగబా తుడిచాను. ఎంత తుడిచినా పోలేదు. ఆవిరి అవతలి వైపు ఉంది.