కళ్లం చేసిన హాకీ గ్రౌండు

ఆ రోజుల్లో ప్రతి మనిషికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. కొందరికి నాటకాల పిచ్చి, కొందరికి పొట్టేళ్ల పందేల పిచ్చి, మా బావకు ముక్కుపొడుం పిచ్చి. నాకు మాత్రం ఓడిపోయే హాకీ జట్టు పిచ్చి పట్టుకుంది. గెలిచే జట్టు వెనక తిరగడానికేముంది, ఎవడైనా తిరుగుతాడు. ఏటా ఓడిపోయే జట్టు వెనక ఎండలో చెప్పులరిగేలా తిరిగి, సాయంత్రం ఇంటికొచ్చి "ఈసారి శానా బాగా ఆడి ఓడిపోయినాం" అని సంతోషంగా చెప్పుకోవాలంటే దానికి వేరే రకం బుర్ర కావాలి. ఇరవై ఏళ్ల వయసులో నాకు ఆ బుర్ర పుష్కలంగా ఉండేది. (ఇప్పుడు నాకు జ్ఞానం వచ్చిందని మా ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. వాళ్ల నమ్మకాన్ని నేనెందుకు చెడగొట్టాలి?)

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లూ మా జట్టుకు ఎదురు లేదు. మద్రాసు నుంచి ఆఫీసులతో పాటు వచ్చిన గుమాస్తాల్లో హాకీ ఆడేవాళ్లు ఏడెనిమిది మంది ఉండేవారు. పొద్దంతా ఆఫీసులుగా వేసిన డేరాల్లో కూర్చుని ఫైళ్లు రాసి, సాయంత్రం కాగానే కర్రలు పట్టుకుని బయటపడేవాళ్లు. కడపవాళ్లు ఏటా మాఘమాసంలో మా ఊరికొచ్చి, ఆడి, ఓడి, ఉగ్గాని బజ్జీలు తిని మర్యాదగా వెళ్లిపోయేవారు. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. లారీల్లో బీరువాలు పోయాయి, బల్లలు పోయాయి, వాటితో పాటే మా ఫార్వర్డులూ, బ్యాకులూ, గోలుకీపరూ పోయారు. మాకు మిగిలింది గ్రౌండొక్కటే. అదీ మంచిగా మిగల్లేదు. పోయే ముందు కొన్ని నెలలు చోటు చాలక అక్కడ కూడా డేరాలు వేశారు. మేకులు పీకిన బొక్కలు, వాననీళ్లు పోవడానికి తవ్విన కాలవలు, వంట పొయ్యిల గుంతలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వదిలేసి పోయారు.

వెళ్లిపోకుండా నిలబడ్డ ఆటగాడు ఒక్కడే. అతను పోస్ట్‌మాన్, ఊరంతా టపా అన్న అని పిలిచేది. హైదరాబాదులో ఒక పెద్ద జట్టువాళ్లు ఇక్కడికంటే మంచి ఉద్యోగం ఇస్తాం రమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. పోలేదు. ఎందుకు పోలేదని నేనొకసారి అడిగితే, సైకిలుకు గాలి కొట్టుకుంటూనే, "అందరం పోతే ఈడ ఆడేదెవురప్పా? ఊరన్నాక ఒక టీము ఉండల్ల గదా" అన్నాడు. ఆ తర్వాత కొత్త జట్టును పోగు చేయడం మొదలుపెట్టాడు. నాపరాళ్లు కొట్టే అన్నదమ్ములిద్దరు, మగ్గం నేసేవాళ్లు ముగ్గురు, ఆసుపత్రి కాంపౌండరు, జట్కా నడిపేవాడొకడు. వీళ్లలో సగం మందికి అప్పటిదాకా చేతికర్రకూ హాకీకర్రకూ తేడా తెలియదు. మొదటి ఏడు కడపవాళ్లు మా మీద తొమ్మిది గోల్సు వేశారు. రెండో ఏడు ఆరు వేశారు. నేను దాన్ని అభివృద్ధి అని ఊరంతా చాటాను.

నాతో కలిసి చాటినవాడు సైకిలు షాపు మామ. నిజానికి మామ వరసేమీ కాదు, సాయిబు, మా పేటలో అందరికీ మామే. నేను నూనె మిల్లులో గుమాస్తాను, పని వదలగానే నేరుగా ఆయన షాపుకే పోయేవాణ్ని. అక్కడ పంక్చర్లు వేస్తూనే మేము జట్టు భవిష్యత్తు నిర్ణయించేవాళ్లం. నేను ఉండేది మా అక్క ఇంట్లో, ఎంత పొద్దుపోయి వచ్చినా నా కోసం చల్లారిపోయిన సంగటి ఉండేది. "మీ టీము గెలిచినాక చెప్పురా, ఆ పొద్దు వేడిగా వండుతా" అనేది అక్క.

మూడో ఏడు మాఘమాసం ఇంకో పదిరోజులుందనగా పిడుగు పడింది. మా మిల్లు షావుకారే హాకీ క్లబ్బుకు పెద్ద. నన్ను గదిలోకి పిలిచి, "చూడప్పా, ఇన్నేండ్లు ఓర్చుకున్న్యాం. ఈతూరి గూడా కడపోళ్ల చేతిలో ఓడిపోతే ఇంగ ఈ ఆట చాలు. ఆ గ్రౌండును మునిసిపాలిటీ తావ అడిగి తీసుకుంటా, శెనక్కాయలు ఎండబెట్టుకునేకైనా పనికొస్తాది. మీ టపా అన్నకు నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. టపా అన్న సంచిలో ఉత్తరాలు సర్దుకుంటూ విన్నాడు. హైదరాబాదు కాదనుకున్న మనిషి ముందు నిలబడి ఆ కబురు చెప్పడం నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. చివరికి "గెలుద్దాంలే తమ్ముడూ, పిల్లోళ్లు బాగానే కుదురుకున్న్యారు" అని తన టపా సంచి తగిలించుకుని పోయాడు.

మ్యాచి నాలుగురోజులుందనగా టపా అన్న మేనకోడలి పెళ్లికి కమలాపురం పోవలసి వచ్చింది. అప్పుడు నాకూ మామకూ ఒక గొప్ప ఆలోచన వచ్చింది. (గొప్ప ఆలోచనలు మాకు ఎప్పుడూ ఇద్దరికీ ఒకేసారి వచ్చేవి, తిట్లు పంచుకోవడానికి వీలుగా ఉండేది.) జట్టు ఎందుకు ఓడిపోతోంది? గుంతల వల్ల. గుంతలు లేకపోతే? "గెలుస్తాం అల్లుడా. సీదా బాత్" అన్నాడు మామ. అన్న తిరిగొచ్చేసరికి గ్రౌండు అద్దంలా ఉండాలి, చూసి ఆయన కళ్లు చెమర్చాలి. అదీ మా పథకం.

నేలను చదును చేయడానికి మా సీమలో అందరికీ తెలిసిన పద్ధతి ఒక్కటే, పంట నూర్పిళ్లకు చేసినట్టు కళ్లం చేయడం. ఎర్రమట్టి, గరుసు బండ్లతో తోలించి గుంతలన్నీ పూడ్చాం. పీపాలతో నీళ్లు తెచ్చి తడిపాం. పక్క పల్లె నుంచి నేల అణచే రాతి గుండు తెప్పించాం. మా రాళ్లు కొట్టే అన్నదమ్ములు, మగ్గం ఆటగాళ్లు తామే కాడికి భుజం పెట్టి దాన్ని రెండురోజులు లాగారు. చివర పేడ అలకాలి కదా, అంత పెద్ద కళ్లానికి పేడ ఎక్కడిది? పేటలో ఏ ఇంటి ముందు తట్ట కనిపిస్తే ఆ తట్ట ఎత్తుకొచ్చాం. అక్క పిడకల కోసం పెట్టుకున్నది కూడా పోయింది. "కోళ్ల దొంగల్ని చూసినా, గొర్రెల దొంగల్ని చూసినా, పేడ దొంగను ఇప్పుడే చూస్తాండా" అంది అక్క గడపలో నిలబడి. నేను మోచేతుల దాకా పేడలో ఉండి, "టీము కోసం లేక్కా" అన్నాను. "మీ టీముకు తగిన పనే" అని లోపలికి పోయింది.

టపా అన్న ఎక్కిన బస్సు మైదుకూరులో చెడిపోయింది. దాంతో ఆయన సరిగ్గా మ్యాచి మొదలయ్యే వేళకు, దుమ్ము కొట్టుకున్న మొహంతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. గ్రౌండు చూడగానే పరుగాపి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. నేను మామను మోచేత్తో పొడిచి, "సూడు మామా, ఎట్ల కదిలిపోయినాడో" అన్నాను.

ఆట మొదలైన కాసేపటికే నాకేదో తేడా కనిపించింది. మగ్గం నేసే మా లెఫ్టు బ్యాకు ఎప్పటిలాగే పాత పొయ్యి గుంత దగ్గర కర్ర ఆనించి నిలబడ్డాడు. రెండేళ్లుగా అటు వచ్చిన ప్రతి బంతీ ఆ గుంతలో పడి, ఒక గంతు వేసి, అతని కర్ర ముందుకే వచ్చేది. ఆ రోజు బంతి నేరుగా పోయింది. అతను పోయిన బంతి వైపు చూడలేదు, తామే పూడ్చిన గుంత కోసం అలవాటుగా నేల వైపు చూశాడు. కాలవ దగ్గర ఆగాల్సిన బంతి ఆగలేదు, మేకు బొక్క దగ్గర పక్కకు తిరగాల్సిన బంతి తిరగలేదు. పేడ అలికిన నేల మీద కడపవాళ్ల బంతి నూనె పూసినట్టు జారుతూ పోయింది. హాఫ్ టైముకు అయిదు గోల్సు పడ్డాయి.

టపా అన్న గట్టు మీద కూర్చుని, ఒక చెంబు నీళ్లు తాగి, మెల్లగా అడిగాడు. "ఎవురప్పా ఈ పని జేసింది?" నేను ఇంకా కొంచెం గర్వంతోనే ముందుకొచ్చాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ గుంతలు మనోళ్లకు నేర్పేకి నాకు రెండేండ్లు పట్టింది తమ్ముడూ" అన్నాడు. మామ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది, కానీ కుంగడానికి అక్కడ ఒక్క గుంతన్నా లేకుండా నేనే చేశాను. మొత్తం ఎనిమిది గోల్సుతో ఓడిపోయాం.

షావుకారు గ్రౌండు మధ్యలోకి వచ్చి కాలితో నేల తట్టి చూస్తున్నాడు. ఇంత మంచి కళ్లం జిల్లాలో ఇంకొకటి లేదని నాకు తెలుసు, శెనక్కాయలకు దీన్ని మించింది లేదు. జట్టును నేనే ఓడించాను, పైగా గ్రౌండును అలికి మరీ షావుకారు చేతిలో పెట్టాను. అప్పుడే కడప కెప్టెను ఆయన దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, "ఇట్లాంటి గ్రౌండు మా కడపలో ల్యాదు సామీ. మా పెద్దోళ్లకు ఎన్నితూర్లు మొత్తుకున్న్యా చేయించల్యా. మీరు శానా శ్రద్ధ తీసుకున్న్యారు" అన్నాడు. షావుకారు ఒకసారి అతన్ని చూశాడు, ఒకసారి నేలను చూశాడు. కడపలో లేనిది కర్నూలులో ఉందని కడపవాడే నోరారా అన్నాక దాని మీద శెనక్కాయలు పోసే కర్నూలువాడు ఇంకా పుట్టలేదు. "ఆ, ఏదో, మా చాతనైనంత" అని మీసం దువ్వుకున్నాడు. "వచ్చే ఏడు గూడా రాండి." ఆ మాట విన్న మామ నా భుజం పట్టుకుని ఊపేశాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు పొద్దున టపా అన్న అందర్నీ పిలిపించాడు. "ఇన్నాళ్లు గుంతల్తో ఆడినాం, ఇంగ బాలుతో ఆడేది నేర్చుకుందాం" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఆ ఏడాదంతా నేనూ మామా ఒక్కరోజు కూడా తప్పకుండా గట్టు మీద కూర్చున్నాం, గ్రౌండును మాత్రం చేత్తో ముట్టుకోలేదు.

ఆ పై మాఘమాసంలో కడపతో మా ఆట చివరి నిమిషాల దాకా సున్నాకు సున్నాగా నిలిచింది. అప్పుడు గోలు ముందర గుంపు పడింది. టపా అన్న, జట్కావాడు, కడపవాళ్లు నలుగురు, వాళ్ల గోలుకీపరు, అందరి కాళ్ల మధ్య బంతి, పైన దుమ్ము. టపా అన్న కర్ర ఎత్తాడు. అంతవరకు నేను చూశాను. ఇన్నేళ్లు మా మీద పడిన గోల్సన్నీ కళ్లు విప్పుకుని చూసినవాణ్ని, జట్టు మీద నమ్మకమంటే నాదే నమ్మకమని ఊరంతా డప్పు కొట్టుకున్నవాణ్ని, సరిగ్గా ఆ క్షణంలో భయమేసి గట్టిగా కళ్లు మూసుకున్నాను. గోలు వెనక పలకకు బంతి తగిలిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచేసరికి మామ నా మెడ పట్టుకుని వేలాడుతున్నాడు.

గోలు ఎలా పడిందన్నదాని మీద గట్టు మీదున్నవాళ్లు తలొకటి చెప్పారు. దుమ్ములో ఎవరికీ సరిగా కనిపించలేదు. టపా అన్న మూతి పగిలి, నెత్తురు తుడుచుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "కొడతానే కిందపడినా తమ్ముడూ, కండ్లల్లో మట్టి, నాకేం కనపడల్యా. నువ్వైతే సరిగ్గా చూసింటావు. నా దెబ్బకే పడిందా, నడుమ ఇంగెవురన్నా తగిలిచ్చినారా?" అని అడిగాడు. పక్కనే జట్కావాడు నిలబడి ఉన్నాడు. నేను ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నీ దెబ్బకే అన్నా. గోలుకీపరు ఎడంకాలి పక్కనుంచి నేరుగా పోయింది" అన్నాను. జట్కావాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ రాత్రి అక్క వేడివేడిగా సంగటి పెట్టింది, ఆ గోలు గురించి చెప్పమంది. చెప్పాను. ఆ తర్వాత మిల్లులో చెప్పాను, నా పెళ్లిలో చెప్పాను, పిల్లలకు చెప్పాను. ఏటికేడు ఆ బంతికి వేగం కూడా పెరుగుతూ వచ్చింది. టపా అన్న ముసలివాడై మంచం పట్టాక కూడా, నేను చూడబోయినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లకు నన్ను చూపించి, "ఈయప్ప చూసినాడు, అడగండి కావాల్నంటే" అనేవాడు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పేవాణ్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి ఇంత ధైర్యంగా నిజం రాస్తున్నాను. ఆయనే మళ్లీ ఎదురొచ్చి అడిగితే మాత్రం, గోలుకీపరు ఎడంకాలి పక్కనుంచి నేరుగా పోయిందన్నా అనే చెబుతాను.