పొడి డబ్బా

మా అబ్బాయి క్యారంబోర్డు మీద పొడి చల్లగానే, చిన్నప్పుడు చర్చి పక్క రేకుల గదిలో నడిచిన మా మగపిల్లల క్లబ్బు గుర్తొచ్చింది. దాన్ని పెట్టింది బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన యోహాను తాత. మా ఆట చూస్తూ ఒకటే దగ్గేవాడు. ఆ పొడి వల్లే దగ్గు వస్తోందనుకుని, డబ్బా తీసుకెళ్లి మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక దాచేశాను.

“పొడి డబ్బా ఏడ పెట్టిండ్రురా? దొరుకుతలేదు” అంటూ తాత బెంచీల కింద వంగి వెతికాడు. కొత్తది తెస్తే దాన్నీ దాచేశాను. బిళ్లలు కదలని బోర్డు మీద ఆడలేక పిల్లలు రావడం మానేశారు. తాత మాత్రం పోయేదాకా రోజూ తాళం తీసి, బిళ్లలు పేర్చుకుని, ఒక్కడే దగ్గుతూ కూర్చున్నాడు.

ఆ దగ్గు బొగ్గు దుమ్ముదని పెద్దయ్యాక తెలిసింది. చివరి రోజుల్లో ఆయనకు మా అల్లరి కూడా లేకుండా చేశాను.