కొంగల ఊళ్లో పెళ్ళి

అరవై రెండులో, మాఘమాసంలో, చిట్టమూరు దగ్గర ఒక ఊళ్లో మా బస్సు చెడిపోయింది. దిగి చూస్తే వీధిలో ఊరేగింపు. మేళగాళ్లున్నారు గాని చప్పుడు లేదు. పక్కనున్న పెద్దాయన్ని "ఎవరైనా పోయారా?" అని అడిగాను.

"పెళ్ళి సార్, నా కూతురిదే. ఎక్కడెక్కడి కొంగలో వచ్చి ఈ చింతచెట్ల మీద పొదిగుండాయి. డోలు మోగితే గూళ్లొదిలి లేచిపోతాయి."

కోవూరు నుంచి వచ్చిన వియ్యంకుడు నడివీధిలో ఆగిపోయాడు. "మేళం లేకుండా నా కొడుకు అడుగు కదపడు బావా. ఇదేమన్నా చావా?"

ఆయన మాటా న్యాయమే అనిపించింది. తలెత్తితే ప్రతి కొమ్మ మీదా గూడే. ఎవరి పక్షమో తేల్చుకోలేకపోయాను.

అంతలో పెళ్ళికూతురు బండి దిగి, "అవి మా ఊరికి కానుపుకొచ్చినాయి మామా" అంది.

వియ్యంకుడు కిర్రుచెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, అందరికంటే ముందు నడిచాడు.