మేజర్ గారి గేట్ పాస్

ఈ కథను సింగపూర్‌లో మన తెలుగువాళ్లు చేరిన ప్రతి విందులోనూ చెప్పి నవ్వించాను. ప్రతిసారీ తప్పు నా రూమ్మేటుదేనని చెప్పాను. అది అబద్ధం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజులవి. మేమిద్దరం బూన్ లేలో ఒకే ఫ్లాట్‌లో ఉంటూ ఒకే చిన్న కంపెనీలో పనిచేసేవాళ్లం. ఒక విదేశీ సైనిక బ్యాండు కవాతుకు ప్రవేశ పాసుల కంప్యూటర్ ప్రోగ్రాం మా కంపెనీ ఇచ్చింది. బ్యాండుకు ముందు ఒక భారీ గుర్రం నడిచేది. దానికి రెండు పక్కలా నగారాలు. రౌతు రెండు చేతులా వాటిని వాయిస్తూ, పాదాలకు తగిలించుకున్న పగ్గాలతో దాన్ని నడిపేవాడు. ఆ గుర్రానికి మేజర్ హోదా ఉంది. సిపాయిలు సెల్యూట్ కొడతారు. మేజర్ అన్నాక పాస్ ఉండాలన్నారు.

నేను రాసిన ప్రోగ్రాం గుర్రాన్ని ఒప్పుకోలేదు. ఇంటిపేరు, పాస్‌పోర్టు నంబరు నింపనిదే రికార్డు సేవ్ కాదు. టెస్టింగ్‌కు అలవాటుగా వాడే రూమ్మేటు వివరాలే గుర్రం పాస్‌కూ టైప్ చేసేశాను, అదీ అతని లాగిన్‌లోంచి. మా ఇద్దరికీ షాంపూ సీసా ఎలా ఒకటేనో పాస్‌వర్డూ అలాగే ఒకటే. తర్వాత మారుద్దామనుకుని మరిచిపోయాను.

రిహార్సల్ రోజు రూమ్మేటు తన కార్డుతో లోపలికి వెళ్లాడు. వెనకే గుర్రం వచ్చింది. ఎర్ర దీపం వెలిగింది.

"ఇన్‌సైడ్ ఆల్రెడీ, లా," అన్నాడు గేటు దగ్గరి చైనీస్ అంకుల్ సింగపూర్ యాసలో, ఈ పాస్ మనిషి లోపలే ఉన్నాడని, స్క్రీన్‌నూ గుర్రాన్నీ మార్చి మార్చి చూస్తూ.

"మేజర్ ఎండలో నిలబడరు," అన్నాడు సార్జెంటు.

అంకుల్ రూల్ తప్పే మనిషి కాదు. కంప్యూటర్ లెక్కలో రెండు కార్డులకూ మనిషి ఒక్కడే. రూమ్మేటు బయటికొస్తే గుర్రం లోపలికెళ్లింది. గుర్రం నీళ్లకు బయటికొస్తే అతను లోపలికి పరిగెత్తాడు. సాయంత్రం దాకా ఇదే వరస, గుర్రానికి కొట్టే సెల్యూట్లన్నీ ఎదురొచ్చే అతనికీ తగిలాయి.

"ఇవాళ నాకు పడినన్ని సెల్యూట్లు కలెక్టరుకు కూడా పడవురా," అన్నాడు రూమ్మేటు చెమట తుడుచుకుంటూ.

మర్నాడు మేనేజరు గుర్రం రికార్డు ఎవరు ఎక్కించారని అడిగాడు. రూమ్మేటు నా వైపు చూశాడు. ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే నా వర్క్ పాస్ ఆ నెలలోనే రెన్యూ కావాలి.

"తన లాగిన్‌లోంచే ఉంది సార్," అన్నాను.

అతను నా పేరు బయటపెట్టలేదు. ఉద్యోగం పోయింది, రెండు వారాల్లో నెల్లూరు వెళ్లిపోయాడు. నేను ఇక్కడే ఉండిపోయి, గుర్రం కథ చెప్పుకుంటూ బతికాను.

మొన్న అతని కూతురు, ఇక్కడ చదువుకోవడానికొచ్చిన పిల్ల, మా ఇంటికి భోజనానికి వచ్చింది. పప్పు కలుపుకుంటూ కథ తనే ఎత్తుకుంది.

"నాన్న అంత ఫూల్ ఏంటంకుల్! తన పేరుమీదే గుర్రానికి పాస్ ఇచ్చాడంట. ఇంట్లో ఇప్పటికీ ఏడిపిస్తాం."

"ఇచ్చింది నేనమ్మా," అన్నాను.

జోకనుకుని నవ్వింది. లాగిన్ సంగతి, మేనేజరు ముందు నేనన్న మాట, అంతా చెప్పాను. నవ్వు ఆగింది. ఎడం చేత్తో ఫోన్ తీసి తండ్రికి కలిపి, స్పీకర్ పెట్టి నా ముందుంచింది.

"అమ్మాయికి నిజం చెప్పేశానురా," అన్నాను.

అటునుంచి రూమ్మేటు విసుక్కున్నాడు.

"ఇప్పుడెందుకురా చెప్పావు? నన్నొక వెర్రివాణ్ణనుకుని హాయిగా నవ్వుకునేది. ఇంక మీ ఇంట్లో ముద్ద ముట్టదు."

చూస్తే, అప్పటికే ఆమె కంచం పక్కకు జరిపేసింది.