ఊరేగింపులో ఆయిల్ ముల్లు

అన్ని కార్లలోనూ నీళ్ళ వేడి చూపించే ముల్లు ఒకటి ఉంటుంది. నా కారులో ఇంజన్ ఆయిల్ వేడి చూపించే ముల్లు ఇంకొకటి వేరుగా ఉంది. స్పోర్ట్స్ కారు నడపడమంటే ఆ రెండో ముల్లును కనిపెట్టుకుని ఉండటమే, మిగతాది ఎవరైనా చేస్తారు. పొద్దున బండి తీయగానే నీళ్ళు తొందరగానే వేడెక్కుతాయి. ఆయిల్ మాత్రం బద్ధకంగా, దాని ఇష్టం వచ్చినప్పుడు వేడెక్కుతుంది. అది ఎనభై డిగ్రీలు దాటేదాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకూడదు. చలికాలంలో సీసాలో పేరుకున్న కొబ్బరినూనెను తలకు రాసుకోలేం కదా, ఇదీ అంతే. అలాగని మరీ కాగిపోనూ కూడదు. తొంభై నుంచి నూటపది దాకా హాయిగా ఉంటుంది. ఆపైన పల్చబడుతూ పోతుంది. నూటముప్పై దాటిందంటే ఇనుముకూ ఇనుముకూ మధ్య నిలబడే శక్తి పోయి, ఇంజన్ తనను తానే అరగదీసుకోవడం మొదలుపెడుతుంది.

మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఇలాంటి కారు ఎవరైనా కొంటారా అని అడగని చుట్టం లేడు. నేను కొన్నాను. సెకండ్‌హ్యాండ్‌ది, రెండే సీట్లు. పెళ్ళి చేసుకోకుండా కారు కొనుక్కుంది చూడు అన్నారు. అననీ, నా జీతం, నా ఇష్టం. నాన్న పోయినప్పటి నుంచి ఇంటికి పెద్దదిక్కు నేనే. ఆ రెండో సీటు మా తమ్ముడిది. ఇద్దరి ఆఫీసులూ మహదేవపురలోనే. రోజూ నేను రోడ్డు చూసేదాన్ని, వాడు ముల్లు చూసేవాడు. "అక్కా, ఇంకా అరవైలోనే ఉండాది, తొందరపడొద్దు" అనేవాడు.

మా తమ్ముడికి కుడిపాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉంది. చిన్నప్పుడే ఆపరేషన్లు చేయించారు, కొంత సరైంది. నడుస్తాడు. ఎంత దూరమైనా నడుస్తాడు. కానీ అడుగడుక్కీ భుజం ఒక పక్కకు పడి లేస్తుంది, పాదం నేలను రాసుకుంటూ వస్తుంది. బడికి సైకిల్ మీద, కాలేజీకి స్కూటీ మీద, ఆఫీసుకు కారులో, ఎప్పుడూ నేనే దింపాను. దాన్ని ప్రేమ అనుకున్నాను. మా వాళ్ళు కూడా "ఇట్లాంటి అక్క దొరకాలప్పా" అనేవారు. వింటే కడుపు నిండినట్టుండేది.

పోయిన ఏడు వాడికి బొమ్మసంద్ర సంబంధం వచ్చింది. మాలాగే ఎప్పుడో సరిహద్దు పల్లెల నుంచి వచ్చి ఈ ఊళ్ళో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. పెళ్ళిచూపులు హోటల్లో పెట్టించింది నేను. ముందే వెళ్ళి తమ్ముణ్ణి టేబుల్ వెనక కూర్చోబెట్టిందీ, వాళ్ళు వెళ్ళేదాకా లేవనివ్వనిదీ నేనే. "చిన్నప్పుడు కాలికి ఆపరేషన్ అయినాది, నడకలో కొంచెం తేడా ఉంటాది" అని మాటవరసకు అన్నట్టు అన్నాను. ఆ "కొంచెం" ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వాళ్ళు ఇంకేమీ అడగలేదు. నిశ్చితార్థం కూడా కుర్చీల్లోనే గడిచిపోయింది. పిల్లా వాడూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఆ పిల్ల ఇష్టపడిందని తెలుసు. నా భయమంతా ఆమె చుట్టాలతో. తాళి కట్టకముందే ఎవరో ఒకరు వాడి నడక చూసి నలుగురిలో నోరు జారితే, ఆ పిల్ల తల్లి మనసు మార్చుకుంటే, మా వాడి బతుకేం కావాలి? పెళ్ళి పీటల దగ్గర నాలుగడుగులు వేసినా పంచె కుచ్చిళ్ళు కప్పేస్తాయని కూడా లెక్క వేసుకున్నాను. ఎంత నీచపు లెక్క!

మిగిలిందల్లా పెళ్ళికి ముందురోజు సాయంత్రం ఊరేగింపు. వినాయకుడి గుడి నుంచి పెళ్ళి జరిగే ఛత్రం దాకా, ఆడపెళ్ళివారి వీధి గుండా పోవాలి.

"కిలోమీటరు కూడా ఉండదు కదక్కా, అందరితో పాటు నడిచే పోతాలే" అన్నాడు తమ్ముడు.

"పెళ్ళికొడుకు నడిచి పోయేదేందిరా! నా కారుండేది ఎందుకు?" అన్నాను.

వాడు నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు, దర్జాగా కారులో దింపుతున్నానన్న గర్వంలో ఉన్నాను.

పూలవాడు కారు ముందు భాగమంతా బంతిపూలతో దుప్పటి కప్పినట్టు కప్పేశాడు. నంబరు ప్లేటుకు రెండు పక్కలా జాలీలుంటాయి. వాటి వెనకే ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ ఉంటుంది. బండి పరిగెత్తితేనే దానికి గాలి తగిలేది. ఆ జాలీలు వదిలెయ్యమని పూలవాడికి చెప్పబోయాను. మా మేనమామ ఒప్పుకోలేదు.

"ముందర పూలు లేకపోతే పెళ్ళికారని ఎట్లా తెలుస్తాదమ్మీ?" అన్నాడు.

పెళ్ళిపూట ఎందుకులే అని ఊరుకున్నాను. ముందు తమటెలు వాయించేవాళ్ళు, వాళ్ళ వెనక ఎగిరే కుర్రకారు, ఆ వెనక నా కారు, కారుకు రెండు పక్కలా ఆడవాళ్ళు. నాలుగడుగులు పోవడం, ఆగడం, మళ్ళీ నాలుగడుగులు. ఏప్రిల్ ఎండ ఇంకా దిగలేదు. ఆ నడకలో కూలర్‌కు గాలెక్కడిది? తగిలినా పూలు అడ్డం.

"అక్కా, నూటపది" అన్నాడు తమ్ముడు, పెదవులు కదపకుండా, బయటివాళ్ళకు నవ్వుముఖం పెట్టి.

ఎగురుతున్నవాళ్ళలో ఒకడు బానెట్ మీద కొట్టి "అక్కా, ఒకసారి రేజ్ చెయ్యండక్కా, సౌండ్ వినాల!" అని అరిచాడు. మిగతావాళ్ళు ఈలలు వేశారు. చెయ్యకపోతే వదిలేలా లేరు. చేశాను. వీధంతా దద్దరిల్లింది, ఆడపెళ్ళివారి ఇళ్ళ మేడల మీద నుంచి జనం తొంగిచూశారు. నిజం చెప్పాలంటే నాకూ బాగానే అనిపించింది. ఇంకోసారి చేశాను. ముల్లు నూటపద్దెనిమిదికి పోయింది.

ఏసీ ఆపేశాను. అద్దాలు దించాను. నూటఇరవై మూడు. ఇక లాభం లేదని బండి ఆపి దిగి, ముందుకెళ్ళి, జాలీల మీద పూలు రెండు చేతులా పీకడం మొదలుపెట్టాను. తమటెలు ఆగిపోయాయి. ఆడపెళ్ళివారిలో ఒక పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యయ్యో, పెళ్ళికారు పూలు పీకేస్తా ఉండాదే! పెళ్ళికొడుకు అక్కే కదా ఈమె?"

తల కొట్టేసినట్టయింది. పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని, చేతుల నిండా నలిగిన బంతిపూలతో, అంత మంది మధ్య నిలబడి "ఇంజనుకు గాలి తగలాల" అని గొణిగాను. ఎవరికీ అర్థం కాలేదు. వచ్చి సీట్లో కూర్చున్నాను.

"హీటర్ వెయ్యక్కా" అన్నాడు తమ్ముడు.

వాడు చెప్పింది సరైనదే. హీటర్ వేస్తే ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. ఏప్రిల్లో, తలకు మైసూరు పేటా, ఒంటి మీద జరీ పంచె, మెడలో గులాబీ దండ వేసుకున్న పెళ్ళికొడుకు ముఖానికి పూర్తిగా హీటర్ తిప్పాను. బుగ్గచుక్క కరిగి గడ్డం దాకా కారింది. కిటికీలోంచి తొంగిచూసిన ఒకాయన "ఏమప్పా, ఇంత కారులో ఏసీ లేదా?" అన్నాడు. వెనక నవ్వులు. నాకు ఒళ్ళు మండింది.

నూటముప్పై ఒకటి. ఎర్ర దీపం వెలిగింది. బండి ఆపమని తెర మీద అక్షరాలు వచ్చాయి.

"ఆపెయ్యక్కా. నేను దిగి నడుస్తా. ఛత్రం అదో, కనిపిస్తానే ఉండాది."

"నోరు మూసుకోని కూర్చో."

"ఇంజన్ పోతాదక్కా."

"పోనీ! పోతే పోనీరా! నువ్వు మాత్రం దిగే పని లేదు!"

గట్టిగానే అరిచాను. ఆయిల్ ఎనభై డిగ్రీలు కాకుండా నేనే గట్టిగా తొక్కని బండి, స్నేహితులు అడిగినా తాళం ఇవ్వని బండి, దాన్ని అక్కడే తగలబెట్టడానికి సిద్ధపడ్డాను, వాడు ఆ వీధిలో నడవకుండా ఉంటే చాలని. వాడు నన్నే చూస్తున్నాడు. కోపం లేదు ముఖంలో. చాలాకాలంగా తెలిసిన సంగతి మళ్ళీ ఒకసారి చూసినట్టు చూశాడు. చెయ్యి చాచి స్టార్ట్ బటన్ నొక్కి ఇంజన్ ఆపేశాడు. తలుపు తీశాడు.

"నువ్వు నిదానంగా రా అక్కా" అని దిగాడు.

స్పోర్ట్స్ కారు సీటు నేలకు అంటుకున్నట్టుంటుంది, దాంట్లోంచి లేవడమే వాడికి కష్టం. తలుపు పట్టుకుని, మంచి కాలు మీద బరువు వేసి లేచాడు. పేటా సర్దుకున్నాడు. పంచె ఒక చేత్తో కాస్త పైకి పట్టుకున్నాడు, ఎంత ఎత్తంటే చీలమండ దగ్గర తిరిగిన పాదం అందరికీ కనిపించేంత. తమటెలవాళ్ళకేసి చెయ్యి ఊపాడు. వాళ్ళు మళ్ళీ అందుకున్నారు. మా తమ్ముడు ఆ వీధి మధ్యలో నడిచాడు. అడుగుకొకసారి భుజం పడుతోంది, లేస్తోంది. నేను వాడి వైపు చూడలేదు. అటూ ఇటూ జనం ముఖాలే చూశాను, ఎవరు నవ్వుతారో, ఎవరు పక్కవాళ్ళ చెవిలో ఊదుతారో అని. కొందరు పాదం చూశారు. ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. తర్వాత అందరూ వాడి వెంట పోయారు. అంతే. ఇన్నేళ్ళూ నేను భయపడింది అంతమాత్రానికే.

నేను దిగలేకపోయాను. పరిగెత్తుకెళ్ళి వాడి పక్కన నడవాల్సింది. పెళ్ళికొడుకు అక్కను, ఛత్రం గుమ్మంలో వాడి పక్కన నేను నిలబడాలి. బండి ఆగినా ఇంజన్ ఫ్యాను మాత్రం పెద్ద రొదతో తిరుగుతూనే ఉంది. సిగ్గుతో ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. వాడు నడుస్తున్నందుకు కాదు. వాడు నడుస్తుంటే ఆ పూట వాడి పక్కన ఉండకుండా కారులో దాక్కున్నందుకు. సందడి ఛత్రంలోకి వెళ్ళిపోయింది. వీధిలో నేనూ, నలిగిన పూలూ మిగిలాం.

కాసేపటికి పెళ్ళికూతురి తల్లి ఒక్కతే వచ్చింది, చేతిలో మజ్జిగ గ్లాసుతో. ఏం అడుగుతుందో, ఏం దులిపేస్తుందో అనుకున్నాను. ఆమె తలుపు తీసి తమ్ముడి సీట్లో కూర్చుంది.

"ఇక్కడే కూర్చుండిపోతివేమ్మా? తాగు. కారు బాగవుతాదిలే. నీ తమ్ముడు నీ కోసం చూస్తా ఉండాడు, అక్క రానిదే హారతి వద్దంటా ఉండాడు."

గ్లాసు తీసుకున్నాను.

"వాడి కాలు సంగతి..." అన్నాను. "నేను మీకు సరిగ్గా చెప్పలేదు."

"దానికేమ్మా?" ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మాకు తెలుసు కదా. హోటల్లో చూసుకున్నామే, ఆ మర్నాడే వచ్చినాడు మీ తమ్ముడు. బస్సు దిగి నడిచే వచ్చినాడు. మా హాల్లో ఈ గోడ కాడ నుంచి ఆ గోడ దాకా రెండు మార్లు నడిచి చూపించినాడు. 'ఇదీ నా నడక, చూసి ఇష్టమైతేనే పిల్లనివ్వండి' అన్యాడు. మా ఆయనకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. అప్పుడే ఖాయం చేసుకున్నాం మేము."

తాగబోతున్న గ్లాసు దించేశాను.

"నాకు ఒక్కమాటన్నా చెప్పలేదు వాడు" అన్నాను.

"చెప్పొద్దని మమ్మల్ని కూడా ఒట్టు వేయించుకున్నాడమ్మా. ఇంక నలుగురి ముందరా నడిచినాడు, దాచేదేముంది అని చెప్తా ఉండాను." ఆమె నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, నా చేతికంటిన బంతి రెక్కలు తన కొంగుతో తుడిచింది. "ఎందుకు నాయనా, అక్కకు ఎందుకు చెప్పకూడదు అని అడిగినాను. 'నేను నడుస్తా ఉంటే మా అక్కకు సిగ్గండీ' అన్యాడు. నేను నమ్ముతానా? చిన్నప్పటి నుంచి కాలు కింద పెట్టనీకుండా తిప్పుకున్న అక్కకు నువ్వంటే సిగ్గేందప్పా, తమాషాలాడొద్దు అని నవ్వేసినాను."