నాలుగు బారల పడవ

పాతికేళ్ళుగా నా చేతులు బరువుగా ఉన్నాయి. డాక్టరు మెడ ఎముక అరిగిందన్నాడు, మాత్రలు రాశాడు. వాడాను. ఇది మెడ వల్ల వచ్చింది కాదని నాకు తెలుసు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను డ్రిల్లు మాస్టారిని. రామచంద్రపురానికి అవతల, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఊరి హైస్కూల్లో పనిచేశాను. మా రేవులో లారీలను దాటించే పంటు ఉండేది. రెండు పడవలు పక్కపక్కన పెట్టి, మీద బల్లలు పరిచి కట్టినది. దాన్ని చూసే తొంభైల్లో మా వాళ్ళకు పిచ్చి పట్టింది. రెండు చిన్న దోనెలను జతచేసి, తెరచాప ఎత్తి, ఏటికి అడ్డంగా పందెం. మొదటి ఏడు వెదురు గడ, యూరియా గోతాల తెరచాప. తర్వాత గడ బదులు పొలాల్లో వాడే అల్యూమినియం గొట్టం వచ్చింది. ఆ పై ఏడు దోనెలకు ఫైబరు పూత. ఏటా ఏదో ఒకటి కొత్తది చేయకపోతే ఎవరికీ అన్నం సహించేది కాదు.

నియమం మాత్రం ఒక్కటే. పడవ పొడవు నాలుగు బారలు మించకూడదు. టేపు పెడితే ఈ ఒడ్డువాళ్ళు అడుగులనేవారు, ఆ ఒడ్డువాళ్ళు మీటర్లనేవారు, రెండుసార్లు కొట్టుకున్నారు కూడా. చివరికి పెద్దలు తేల్చారు, మాస్టారి బారే కొలత అని. చేతులు రెండూ చాచి నిలబడితే ఈ చేతి వేలికొస నుంచి ఆ చేతి వేలికొస దాకా ఒక బార. నవ్వకండి. ఏడేళ్ళలో ఒక్కరూ మారు మాట్లాడలేదు.

సత్యం వడ్రంగి, నాకంటే పదేళ్ళు చిన్నవాడు. గాలి పెరిగితే జతదోనెల ముక్కులు నీళ్ళలోకి దిగబడేవి, పడవ పల్టీ కొట్టేది. అందరికీ అదే తలనొప్పి. దానికి విరుగుడు నేనే కనిపెడతానని రెండేళ్ళు నోటుబుక్కులో బొమ్మలు గీశాను. ఒక ఆదివారం సత్యం పురికొస పట్టుకుని మా ఇంటికొచ్చాడు, నా బార కొలత తీసుకోవడానికి. మా ఆవిడ పెసరట్టు పెట్టింది. నేను నోటుబుక్కు ఇచ్చాను. ఎంత ఆశగా ఇచ్చానో! చెయ్యి తుడుచుకుని, పేజీలు తిప్పి, నవ్వాడు.

"కాగితం మీద ఏ పడవైనా తేలుద్దండి మాస్టారూ."

వెటకారం కూడా కాదు, పనివాడి మాట. మా ఆవిడా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నెల తిరిగాక అతని పడవ చూశాను. దోనెలు సన్నగా, ముక్కులు బాగా ముందుకు సాగి ఉన్నాయి. కూర్చునే బల్ల వెనక్కి జరిపాడు. ఎంత గాలి వచ్చినా ఆ పొడుగు ముక్కులు దిగబడవు. చూడగానే అర్థమైంది. నా నోటుబుక్కులో ఒక్క పేజీలోనూ ఆ ఆలోచన లేదు. మెచ్చుకోవాలి కదా? కుళ్ళుకున్నాను.

పందెం రోజు ఫుల్ చేతుల చొక్కా వేసుకున్నాను. ఇన్నేళ్ళూ గొంతు దాటనిది ఇదే. ఏదో క్షణికావేశంలో చేశానని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో లెక్కలేదు, కానీ పెట్టె అడుగు నుంచి చొక్కా తీసి ఇస్త్రీ చేసుకునేంత ఓపిక క్షణికావేశానికి ఎక్కడిది? ఏడేళ్ళూ బనియన్‌తోనే కొలిచాను. రేవులో ఎవరో అడిగారు కూడా, "ఏంటండీ, ఇంత ఎండలో ఫుల్ చేతులు?" అని. ఎండ కాబట్టే అన్నాను.

మిగతా పడవలన్నీ సరిగ్గానే కొలిచాను. సత్యం పడవ దగ్గర మోచేతులు కాస్త వంచాను. బారకు రెండంగుళాలు తగ్గింది. చొక్కా వదులు, ఎవరికీ కనబడలేదు. నాలుగో బార దాటాక ముక్కు జానెడు మిగిలింది.

నా బార పొడవున్న పురికొస అతని ఇంట్లో ఉంది. మనిషిని పంపితే పది నిమిషాల్లో వచ్చేది. వస్తే నా బతుకు బజారున పడేది. సత్యం పడవ వంక చూశాడు, నా వంక చూశాడు.

"పురికొస సాగిపోయుంటదండి. మీ చేతులు అబద్ధమాడతాయా?"

"ఈసారికి పందెం మానెయ్యరాదూ?" అన్నాను. నా నోట వచ్చింది అంతే.

"పర్లేదండి. కోసేత్తాను."

రంపం తెచ్చి రెండు ముక్కులూ తనే కోశాడు. చివర్లకు చెక్క కొట్టి తారు పూశాడు. గంట పట్టింది. ఆ గంటలో రంపం ఎన్నోసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ నేను నిజం చెప్పగలిగేవాణ్ణి. చెప్పలేదు.

ఏటి నడుమ గాలి ఎత్తుకుంది. అందరికంటే ముందు అతనే ఉన్నాడు. కోసిన ముక్కులు రెండూ ఒక్కసారే దిగబడ్డాయి. పడవ తలకిందులైంది. ప్రాణం దక్కింది గానీ తెరచాప గొట్టానికీ దోనెకూ మధ్య కుడిచెయ్యి నలిగిపోయింది. కాకినాడలో రెండు వేళ్ళు తీసేశారు. వడ్రంగికి కుడిచేతి వేళ్ళు. నేను సిగ్గులేకుండా బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. నేను వెళ్ళేసరికి పురికొసను నమ్మి చెడ్డానని భార్యతో చెబుతున్నాడు.

పొడుగు ముక్కు అచ్చిరాలేదన్నారు ఊళ్ళో. అందరూ మళ్ళీ మొద్దు ముక్కులకే వెళ్ళారు. మూడేళ్ళకు అవతలి ఒడ్డువాళ్ళు పొడుగు ముక్కుల పడవతో వచ్చి గెలిస్తే, ఏం బుర్రరా అని మావాళ్ళే చప్పట్లు కొట్టారు. దాన్ని కొలిచి సరిపోయిందని చెప్పినవాణ్ణి నేనే. సత్యం అప్పటికే మండపేటలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు.

మొన్నామధ్య ఆ గేటు ముందు ఎదురుపడ్డాడు. మిగిలిన వేళ్ళతో నమస్కారం పెట్టాడు. పక్కనున్న లారీ డ్రైవరుతో, "మా మాస్టారండి. ఈయన చేతులే మా ఊరికి కొలత" అన్నాడు. నేను చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాను. అక్కడే, అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఏమనేవాడు? తిట్టేవాడా? తిట్టకపోతే? అదే నా భయం. పిరికివాణ్ణి, అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీరు క్షమించినా లాభం లేదు, ఆ హక్కు మీది కాదు. అయినా రాస్తుంటే భుజాలు కొద్దిగా సడలాయి. ఆ ఒక్క ముక్క కూడా రాసేస్తాను.

సత్యం పడవ సరిగ్గా నాలుగు బారలే. ఆ జానెడు నాది.